పచ్చ చొక్కా: రంగుల ఫోటో ఎందుకు వెలిసిపోతుంది, ఎట్లా నిలుస్తుంది

ఈసారి కథలూ కవితలూ కాకుండా మీకు తెలిసిన ఏదైనా ఒక పని గురించి వివరంగా రాయండి అని మేడం అన్నారు. నాకు చేతనైన పనులు పెద్దగా లేవు. కానీ పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లోని ఒక ఫోటో కోసం తిరుగుతూ ఇంక్‌జెట్ ప్రింటింగ్ గురించి కొంచెం నేర్చుకున్నాను. అదే రాస్తున్నాను. చివర్లో మీకు కూడా ఒక పని ఉంది. సగంలో గంట కొడితే మళ్ళీ వచ్చి చదవండి.

మాది పళ్ళికొండ. నాన్న వైపు తమిళం, అమ్మ వైపు తెలుగు. అమ్మ పుట్టిల్లు గుడియాత్తం. అవ్వ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. అవ్వ ట్రంకు పెట్టెలో, పట్టుచీరల అడుగున, ఒక కవరులో రెండు ఫోటోలు ఉంటాయి. ఒకటి అవ్వ పెళ్ళి ఫోటో. 1962లో తీసింది, బ్లాక్ అండ్ వైట్. రెండోది మా మామది, అంటే అమ్మకి అన్న. అది కలర్ ఫోటో. 1983లో గుడియాత్తం గంగమ్మ సిరసు తిరునాళ్ళ రోజు తీసింది. అప్పుడు మామకి 19 ఏళ్ళు, ఇప్పుడు నాకున్నంత వయసు. తర్వాత రెండేళ్ళకే జ్వరం వచ్చి పోయాడు. మామది మాకున్న ఫోటో అదొక్కటే.

విచిత్రం ఏమంటే, 20 ఏళ్ళు ముందు తీసిన పెళ్ళి ఫోటో ఇప్పటికీ చక్కగా ఉంది. అవ్వ ముక్కుపుడక కూడా కనిపిస్తుంది. మామ ఫోటో మాత్రం ఎర్రగా అయిపోయింది. ముఖం ఇటుక రంగు, వెనక వేపచెట్టు ఎండుగడ్డి రంగు, చొక్కా పసుపు. అవ్వేమో "పచ్చ చొక్కా. నేనే గుడ్డ కొని కుట్టిచ్చినా" అంటుంది. పచ్చకామెర్లు, పచ్చగా పండిన నిమ్మకాయ అంటాం కదా, అవ్వ పసుపునే పచ్చ అంటోందని అమ్మ అనుకునేది. నాన్న తమిళం మనిషి. తమిళంలో పచ్చ అంటే ఆకుపచ్చ ఒక్కటే. "అత్త ఆకుపచ్చ అనే చెప్తోంది" అని నాన్న వాదన. అవ్వకి కోపమొచ్చి ఒకరోజు "చిలకపచ్చ! చాలునా?" అనింది. ఫోటోలో చూస్తే పసుపు. అవ్వకి వయసైపోయింది, మరిచిపోయింది అని అందరం లోపల్లోపల అనుకున్నాం.

2019లో అమ్మ ఆ ఫోటోని ఒక షాపులో ఇచ్చి పెద్దది చేయించింది. వాళ్ళు దాన్ని కాపీ తీసి, "బ్రైట్" చేసి, తళతళలాడే కాగితం మీద ప్రింటు ఇచ్చారు. అవ్వ దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "ఈడెవుడు?" అనింది. మామ మంచి నలుపు. ఆ ప్రింటులో తెల్లగా, టీవీ సీరియల్లో అబ్బాయిలాగ ఉన్నాడు. అయినా డబ్బులు పెట్టాం కదా అని హాల్లో కిటికీ ఎదురుగా తగిలించాం. రెండేళ్ళలో అదీ వెలిసింది. 2021 నవంబరులో పాలారు పొంగిన ఆ వానలకి మా గోడ చెమ్మగిల్లింది. ఫ్రేములోకి నీళ్ళు దిగి సిరా కారిపోయింది. అవ్వ ఏమీ అనలేదు. ఆ మేకుకి క్యాలెండరు తగిలించింది.

అంటే ఈ కథలో రెండు తప్పులు ఉన్నాయి. ఒకటి, రంగు నిలవలేదు. రెండు, రంగు నిజం కాదు. ఈ రెండూ వేరు వేరు సమస్యలు, వేరు వేరు మందులు. ఇది నాకు చెప్పింది మా పెద్దమ్మ కొడుకు. అన్న చెన్నైలో ఫోటోలు ప్రింటు చేసే ల్యాబులో పని చేస్తాడు. వేసవిలో నేను ట్రంకు పెట్టెలోని అసలు ఫోటో తీసుకుని అన్న దగ్గరికి వెళ్ళాను.

నలుపు తెలుపు ఎందుకు నిలిచింది?

నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. పాతది బాగుండి కొత్తది ఎందుకు పాడైంది?

బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో నల్లగా కనిపించేది వెండి. నిజంగా వెండే, చాలా సన్నని రేణువులుగా ఉంటుంది. లోహం కాబట్టి బాగా కడిగి, చెమ్మ తగలకుండా ఉంచితే తరాలు నిలుస్తుంది. హైదరాబాదు నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 19వ శతాబ్దంలో తీసిన గాజు నెగటివులు ఈనాటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

కలర్ ఫోటోలో చివరికి వెండి మిగలదు. కడిగేటప్పుడు దాన్ని తీసేస్తారు. దాని స్థానంలో మూడు పొరల్లో మూడు రంగు మందులు మిగులుతాయి. ఒకటి సయాన్, అంటే నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగు. రెండు మెజెంటా, చీరల షాపులో రాణి కలర్ అంటారే, దాదాపు అది. మూడు పసుపు. ప్రపంచంలోని రంగులన్నీ ఈ మూడింటి కలయికతోనే చూపిస్తారు. ఈ మూడూ ఒకే వేగంతో వెలవవు. 1970ల్లో, 1980ల మొదట్లో వాడిన చాలా కాగితాల్లో సయాన్ బలహీనమైనది. వెలుతురు తగలకపోయినా, పెట్టెలో చీకట్లో ఉన్నా, వేడికీ చెమ్మకీ అది పోతుంది. మన వేలూరు ఎండల్లో ఇనుప ట్రంకు పెట్టె ఎంత కాగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు లెక్క వెయ్యండి. సయాన్ పోతే మిగిలేది మెజెంటా, పసుపు. ఆ రెండూ కలిస్తే ఎరుపు. అందుకే పాత కలర్ ఫోటోలు ఎర్రబారతాయి. మరి ఆకుపచ్చ ఎట్లా వస్తుంది? సయాన్, పసుపు కలిస్తే వస్తుంది. అందులోంచి సయాన్ పోతే?

పసుపు మిగులుతుంది!

అన్న ఇది చెప్పగానే నేను వేపచెట్టు చూశాను. వేపచెట్టు ఆకులు తిరునాళ్ళ నెలలో ఎండుగడ్డి రంగులో ఉండవు కదా. చెట్టుకి పట్టిన గతే చొక్కాకీ పట్టింది. అవ్వ మరిచిపోలేదు. ఫోటోనే మరిచిపోయింది.

ఇంక్‌జెట్ అంటే ఏమిటి?

పేరులోనే ఉంది, సిరాని చిమ్మటం. ప్రింటరు తలలో కంటికి కనపడని సన్నని రంధ్రాలు వందలకొద్దీ, పెద్ద యంత్రాల్లో వేలకొద్దీ ఉంటాయి. ఆ తల కాగితం మీద అటూ ఇటూ తిరుగుతూ ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో చుక్క వదులుతుంది. చుక్క పరిమాణం కొన్ని పికోలీటర్లు. లీటరులో లక్ష కోట్లో వంతు ఒక పికోలీటరు.

చుక్కని బయటికి తొయ్యటానికి రెండు పద్ధతులు ఉన్నాయి. కానన్, హెచ్‌పీ వాళ్ళు సిరాని రెప్పపాటులో వేడి చేస్తారు. చిన్న ఆవిరి బుడగ పుట్టి చుక్కని తోస్తుంది. 1977లో కానన్ పరిశోధనశాలలో వేడి సాల్డరింగ్ కడ్డీ పొరపాటున సిరా ఉన్న సిరంజి సూదికి తగిలి సిరా చిమ్మిందనీ, అక్కడినుంచే ఈ ఆలోచన వచ్చిందనీ ఆ కంపెనీ చెప్పుకుంటుంది. ఎప్సన్ పద్ధతి వేరు. మన వంటింట్లో గ్యాస్ లైటర్ ఉంది కదా, టక్కుమని నొక్కితే లోపలి స్ఫటికం నలిగి కరెంటు పుట్టి నిప్పురవ్వ వస్తుంది. దాన్ని తిరగేస్తే ఎప్సన్ పద్ధతి. స్ఫటికానికి కరెంటు ఇస్తే అది వంగుతుంది, వంగి చుక్కని తోస్తుంది.

మన ఇళ్ళలో ఉండే శివకాశి క్యాలెండరుని భూతద్దంతో చూస్తే చుక్కలు వరసలుగా, ముగ్గు చుక్కల్లాగ కనిపిస్తాయి. మంచి ఇంక్‌జెట్ ప్రింటులో చుక్కలు ఆవాలు చల్లినట్టు చెదిరి ఉంటాయి, అంత సులభంగా కనిపించవు. పైగా క్యాలెండరుకి సాధారణంగా నాలుగు రంగులు చాలు, సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. ఫోటోల కోసం చేసిన ప్రింటర్లలో లేత సయాన్, లేత మెజెంటా, బూడిద రంగులు కూడా చేర్చి ఎనిమిది, పది, పన్నెండు సిరాలు పెడతారు. ముఖం మీద నీడ మెల్లగా ముదరాలంటే ఈ లేత రంగులు కావాలి. లేకపోతే బుగ్గ మీద చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

ఇంక్‌జెట్‌తో కళాఖండాల స్థాయిలో ప్రింట్లు తియ్యటం మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు ఒక పాటగాడు. క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్ అనే బృందంలోని గ్రాహం నాష్. ఆయనకి ఫోటోల పిచ్చి కూడా ఉంది. అచ్చుకి ముందు నమూనా చూసుకోవటానికి ప్రెస్సులవాళ్ళు వాడే ఐరిస్ 3047 అనే యంత్రాన్ని 1,26,000 డాలర్లు పెట్టి కొని, మ్యాక్ హోల్బర్ట్ అనే మిత్రుడితో కలిసి 1991లో కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ అనే ప్రింటింగ్ స్టూడియో పెట్టాడు. అక్కడ పని చేసిన జాక్ డుగాన్ ఈ ప్రింట్లకి జిక్లే అని పేరు పెట్టాడు. ఫ్రెంచిలో చిమ్మటం అనే అర్థం ఉన్న మాట నుంచి తీసుకున్నాడు. గ్యాలరీలవాళ్ళు ఈ పేరు ఇప్పటికీ వాడతారు. ఆ మొదటి యంత్రం ఇప్పుడు అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

కానీ ఐరిస్ ప్రింట్లకి ఒక లోపం ఉండేది. చూడ్డానికి అద్భుతం, నిలవటానికి కష్టం. ఎందుకంటే అందులో వాడింది డై సిరా. మా హాల్లో మేకుకి వేలాడిన ప్రింటూ అదే జాతి.

పసుపు, కావి

సిరాలు రెండు రకాలు, డై, పిగ్మెంట్. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే ఈ వ్యాసం చదివినందుకు ఫలితం దక్కినట్టే.

డై నీళ్ళలో పూర్తిగా కరిగిపోతుంది, పంచదారలాగ. చీర మీద సాంబారు ఒలికితే పసుపు మరక పడుతుంది కదా. ఉతికి ఎండలో ఆరేస్తే ఆ మరక మెల్లగా పోతుంది. సబ్బు సగం పని చేస్తే ఎండ మిగతా సగం చేస్తుంది. పసుపులోని రంగు పదార్థాన్ని వెలుతురు విరగ్గొడుతుంది. డై అణువులు విడివిడిగా ఉంటాయి కాబట్టి వెలుతురు, గాలిలోని ఓజోను, చెమ్మ ఒక్కొక్కదాన్నీ పట్టుకోగలవు.

పిగ్మెంట్ కరగదు. నీళ్ళలో కలిపిన మెత్తటి మట్టిలాగ తేలుతూ ఉంటుంది. మన వైపు గుళ్ళ ప్రహరీగోడలకి తెలుపూ కావీ చారలు వేస్తారు. కావి అంటే ఎర్రమన్ను, ఇనుము తుప్పు జాతిది. ఎండ ఎంత కాసినా కావి ఎరుపు చావదు. సున్నం పెచ్చులూడితే దాంతోపాటు పోవాలే గాని, రంగుగా వెలవదు. పిగ్మెంట్ సిరాలోని రేణువు ఒక్కోటి సుమారు 100 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో 500వ వంతు. మనకి అది ఏమీ కాదు, కానీ ఒక అణువుతో పోలిస్తే కొండ. వెలుతురు పైపొరని కొట్టినా లోపలిది మిగిలి ఉంటుంది. చాలా సిరాల్లో ఆ రేణువు చుట్టూ సన్నని జిగురు పూత కూడా వేస్తారు.

గుడియాత్తంలో లుంగీలు నేసేవాళ్ళు నూలుకి అద్దే రంగుని తమిళంలో సాయం అంటారు. "సాయం పోయింది" అంటే రంగు పోయింది అని. చిన్నప్పుడు నేను దాన్ని తెలుగు సాయం అనుకుని, ఎవరు ఎవరికి సాయం చేశారా అని ఆలోచించేదాన్ని.

మరి అందరూ పిగ్మెంటే ఎందుకు వాడలేదు? రేణువులు రంధ్రాల్లో అడ్డుపడతాయి. పైగా మొదట్లో ఆ రంగులు డై అంత మెరిసేవి కాదు. 2000లో ఎప్సన్ 2000పి అనే ప్రింటరుతో పిగ్మెంట్ సిరా మామూలు ఫోటోగ్రాఫర్ల బల్ల మీదికి వచ్చింది. దాని ప్రింట్లు గదిలో ఒక రంగు, బయట ఎండలో కొంచెం ఆకుపచ్చ తిరిగి కనిపించేవి. 2002లో అల్ట్రాక్రోమ్ సిరాలు వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. ఇప్పుడు కానన్‌లోనూ ఎప్సన్‌లోనూ ఫోటోగ్రాఫర్ల కోసం పిగ్మెంట్ యంత్రాలు ఉన్నాయి.

అమెరికాలో హెన్రీ విల్‌హెల్మ్ అనే ఆయన జీవితమంతా ఫోటోలు ఎన్నేళ్ళు నిలుస్తాయనేదే పరీక్షిస్తూ గడిపాడు. 1993లో దాని మీద లావు పుస్తకం కూడా రాశాడు. తీవ్రమైన వెలుతురు కింద ప్రింటుని నెలల తరబడి ఉంచి, ఎంత వెలిసిందో కొలిచి, ఇంట్లో రోజుకి 12 గంటలు 450 లక్స్ వెలుతురు పడితే ఎన్నేళ్ళు వస్తుందో లెక్క కడతారు. మంచి పిగ్మెంట్ సిరా, మంచి కాగితం, పైన గాజు ఉంటే ఆ లెక్క చాలాసార్లు 100 ఏళ్ళు దాటుతుంది. అది అంచనా మాత్రమే. ఈ సిరాలు పుట్టి పాతికేళ్ళు పైన అయింది, అంతే.

కాగితం

సిరా సగం, కాగితం సగం. వార్తాపత్రికని రెండు రోజులు ఎండలో పెడితే పసుపు తిరుగుతుంది. చెక్కగుజ్జులో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వల్ల అది. అందుకే నిలవాల్సిన ప్రింట్లకి దూదితో చేసిన కాగితం వాడతారు. అన్న నాకు చూపించింది జర్మనీలోని హానెమ్యూలే మిల్లు కాగితం. ఆ మిల్లు 1584 నుంచి ఉంది. వాళ్ళ ఫోటో రాగ్ అనే కాగితం పూర్తిగా దూది. చదరపు మీటరుకి 308 గ్రాములు. మన జిరాక్సు కాగితం 70, 75 గ్రాములు ఉంటుంది. చేత్తో పట్టుకుంటే కాగితం అనిపించదు, ఉతికి గంజి పెట్టిన మందపాటి గుడ్డలాగ ఉంది. మెరుపు లేదు. పైన సిరాని పట్టి ఉంచే సన్నని పూత ఉంటుంది. అది లేకపోతే సిరా బ్లాటింగ్ పేపరు మీద పడ్డట్టు పాకిపోతుంది.

ఇంకో చిన్న విషయం. కొన్ని కాగితాలు మరీ తెల్లగా, కొంచెం నీలంగా మెరుస్తాయి. బట్టల సబ్బుపొడిలో తెల్లదనం కోసం కలిపే మందులాంటిదే వాటిలోనూ కలుపుతారు. కొన్నేళ్ళకి ఆ మందు చచ్చిపోయి కాగితం తన అసలు రంగుకి వస్తుంది, దాంతో ఫోటో మొత్తం పసుపు తిరిగినట్టు ఉంటుంది. పాతకాలం నిలవాలంటే ఆ మందు లేని, కొంచెం పాలమీగడ రంగు కాగితమే మేలు అని అన్న చెప్పాడు.

రంగు నిజం కావటం

నిలవటం గురించి చెప్పాను. ఇక రెండో తప్పు, మామ తెల్లబడటం.

చీరల షాపులో ట్యూబులైటు కింద మెరూన్ అని కొన్న చీర, వీధిలోకి రాగానే వేరేగా కనిపిస్తుంది. అందుకే మన అమ్మలు చీరని గుమ్మం దాకా తీసుకెళ్ళి చూస్తారు. ఫోటోకీ అంతే. కంప్యూటరు తెర వెలుగుతో రంగులు చూపిస్తుంది, కాగితం తన మీద పడిన వెలుగులో కొంత మింగి మిగిలింది చూపిస్తుంది. రెండూ వాటంతట అవే ఒకటి కావు. వాటి మధ్య దుబాసీ కావాలి. దాన్ని ప్రొఫైల్ అంటారు. ఒక ప్రింటరు, ఒక రకం సిరా, ఒక రకం కాగితం, ఈ మూడింటికీ కలిపి ఒక జాతకం అన్నమాట. ముందు వందల రంగుల గళ్ళు ప్రింటు చేసి, ఒక్కో గడినీ యంత్రంతో కొలుస్తారు. "నువ్వు ఇంత ఎరుపు అడిగావు, ఈ కాగితం ఇంత ఎరుపు ఇచ్చింది" అని ఆ లెక్కలన్నీ ఒక ఫైలులో ఉంటాయి. కాగితం మారిస్తే జాతకం మార్చాలి. ఇట్లాంటి ఫైళ్ళకి కంపెనీలన్నీ ఒకే పద్ధతి పాటించేందుకు 1993లో ఐసీసీ అనే సంఘం ఏర్పడింది. మన క్రికెట్ ఐసీసీ కాదు!

అయితే యంత్రం సరిగ్గా ఉన్నా మనిషి మనసు సరిగ్గా ఉండాలి. ఒకప్పుడు కోడక్ కంపెనీ ప్రింటింగ్ ల్యాబులకి ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి యువతి ఫోటో ఉండేది. మొదటి మోడల్ పేరుతో వాటిని షర్లీ కార్డులు అనేవాళ్ళు. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగు సరిగ్గా ఉన్నట్టు. మరి ఆమె రంగులో లేనివాళ్ళ సంగతి? నల్లనివాళ్ళ ముఖాలు నీడలో కలిసిపోయి పళ్ళు, కళ్ళు మాత్రమే కనిపించేవి. 1990ల్లో గాని రకరకాల ఛాయల మనుషులతో కార్డు రాలేదు. ఇప్పుడు కార్డు అవసరం లేదు, ఒక్క క్లిక్కు చాలు. పెళ్ళి ఆల్బములో అమ్మాయిలందరూ ఒకే గోధుమరంగులోకి వచ్చేస్తారు. మా మామని తెల్లగా చేసిన షాపు కుర్రాడికి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు, బాగు చేస్తున్నాననే అనుకుని ఉంటాడు. కానీ అవ్వకి తన కొడుకు కనపడలేదు.

మామ ఫోటోకి ఏం చేశాం

అసలు ఫోటో మూడున్నర అంగుళాలకి ఐదు అంగుళాలు. అన్న దాన్ని ఫోనుతో తియ్యలేదు. స్కానరు మీద పెట్టి అంగుళానికి 600 చుక్కల లెక్కన స్కాన్ చేశాడు. అంటే 2100కి 3000 చుక్కలు. ప్రింటుకి అంగుళానికి 300 చాలు కాబట్టి ఏడుకి పది అంగుళాల ప్రింటు హాయిగా వస్తుంది. స్కాను 16 బిట్లలో చేశాడు. మామూలు ఫోటో ఫైలులో ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంటాయి, ఇందులో 65,536. మిగిలిన కాస్త సయాన్‌ని సాగదీయాలంటే మెట్లు ఎక్కువ ఉండాలి. లేకపోతే ఆకాశం మెట్లుమెట్లుగా విరిగిపోతుంది.

తర్వాత నేను ఒక మాట అన్నాను. "అన్నా, చొక్కాకి పచ్చరంగు వేసెయ్యి, అవ్వ చిలకపచ్చ అంటోంది." అన్న ఒప్పుకోలేదు. "నేను వేస్తే అది నా రంగు అవుతుంది. ఉన్నదాన్ని పైకి తెద్దాం. వస్తే వస్తుంది" అన్నాడు.

మామ వెనక గుడి ప్రహరీగోడ ఉంది, తెలుపూ కావీ చారలతో. స్కానులో ఆ తెలుపు చార గులాబీరంగులో ఉంది. సున్నం గులాబీగా ఉండదు. కాబట్టి ఆ చార తెల్లగా అయ్యేదాకా ఫోటో మొత్తానికీ సమానంగా సయాన్ పెంచాడు. ఏ ఒక్క వస్తువుకీ విడిగా రంగు పెట్టలేదు. గోడ తెల్లబడుతుంటే వేపచెట్టు మెల్లగా ఆకుపచ్చ తిరిగింది. ముఖం ఇటుక రంగు నుంచి గోధుమకీ, అక్కణ్ణుంచి మంచి నలుపుకీ వచ్చింది. చొక్కా కూడా కదిలింది. పసుపు నుంచి ఆకుపచ్చకి.

చిలకపచ్చ అనలేను, కొంచెం మబ్బు పట్టిన పచ్చ. కానీ పచ్చే. నేను అక్కడే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అవ్వకి నువ్వే చెప్పు" అనింది.

మొదటి ప్రింటులో నీడలు మరీ ముదిరి మామ జుట్టు ఒక ముద్దలాగ వచ్చింది. మెరుపు లేని కాగితం మీద నలుపు అంత లోతుగా పలకదు, అందుకని నీడల్ని కొంచెం తెరవాలి. ముఖాన్ని తెల్లగా చెయ్యకుండా నీడని మాత్రం తెరవటం ఎంత కష్టమో అప్పుడు చూశాను. మూడో ప్రింటు కుదిరింది. ఖర్చుకి నా రెండు నెలల ట్యూషను డబ్బులు సరిపోయాయి, ఫ్రేముకి నాన్న ఇచ్చాడు.

అవ్వ కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. "చొక్కా ఇంకా లేతగా ఉండింది" అని మొదట తప్పు పట్టింది. తర్వాత ముఖం దగ్గర వేలు పెట్టి, "నల్లగా ఉండాడు. సరిగ్గా ఉండాడు" అనింది. అంతే. వంటింట్లోకి పోయి మళ్ళీ వచ్చి చూసింది.

మీ ఇంట్లో ఏం చెయ్యచ్చు

ప్రతి ఫోటోకీ ఇంత అవసరం లేదు. షాపుల్లో ఇచ్చే ప్రింట్లన్నీ ఇంక్‌జెట్ కూడా కావు. పెద్ద ల్యాబుల్లో ఇప్పటికీ పాతపద్ధతి రంగు కాగితమే వాడతారు, అవి 1980ల నాటివాటికన్నా చాలా మెరుగు. కానీ ఇంట్లో ఒక్కటే ఉన్న ఫోటో అయితే కొన్ని జాగ్రత్తలు చెప్తాను.

అసలు ఫోటోని లామినేషన్ చేయించకండి. ఒకసారి వేడితో అతికిస్తే మళ్ళీ ఊడదీయలేం. ముందు స్కాన్ చేయించండి, అసలుని పారెయ్యకండి. రేపు ఇంతకన్నా మంచి స్కానరు రావచ్చు. ప్రింటు ఇచ్చేటప్పుడు "ఇది డై సిరానా, పిగ్మెంటా?" అని అడగండి. "ముఖం తెల్లగా చెయ్యద్దు" అని నోరు విప్పి చెప్పండి. ఫ్రేము కట్టించేటప్పుడు గాజు ప్రింటుకి ఆనకుండా మధ్యలో మందపాటి అట్ట చట్రం పెట్టించండి, ఆనితే వానాకాలం చెమ్మకి రెండూ అంటుకుపోతాయి. బొట్టు పెట్టేవాళ్ళు గాజు మీదే పెట్టండి. నేరుగా ఎండ పడే గోడ, పక్కనే బాత్రూం ఉన్న గోడ, దీపం పొగ తగిలే చోటు వద్దు. మా ఇంట్లో కిటికీ ఎదురు మేకు ఇప్పుడు క్యాలెండరుకే వదిలేశాం. మామ లోపలి గదిలో, అవ్వ మంచం పక్కన ఉన్నాడు.

ఇక మీ పని

ఈ వ్యాసం పక్కన రెండు చిన్న ప్రింటు ముక్కలు అతికించాను, చూశారా? రెండింటి మీదా ఒకే బొమ్మ, మా ఊరి పాలారు వంతెన దగ్గర నేను ఫోనుతో తీసిన సాయంత్రం. ఎడమది డై సిరా, తళతళ కాగితం. కుడిది పిగ్మెంట్ సిరా, దూది కాగితం. రెండింటికీ కింది సగం నల్ల చార్టు అట్టతో కప్పాను. మన వరండాకి పడమటి ఎండ వస్తుంది కాబట్టి గాజు తలుపు లోపల కాకుండా బయట చెక్క మీద పెట్టడానికి మేడం ఒప్పుకున్నారు.

మార్చి నెలలో, పరీక్షలకి ముందు, అందరి ముందూ ఆ అట్ట తీస్తాను. కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా మీరే చూడండి. నేను రాసింది తప్పయితే, రెండూ ఒకేలాగ ఉంటే, ఇదే బోర్డు మీద తప్పు అని రాస్తాను. అప్పటిదాకా దయచేసి అట్ట ఎత్తి చూడకండి. ముఖ్యంగా ఫస్టియర్ వాళ్ళు!

ఈలోగా ఈ ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు మీ అవ్వ ట్రంకు పెట్టెలో ఏముందో ఒకసారి అడగండి. ఎర్రబారిన ఫోటో ఉంటే, అందులో ఏది ఏ రంగో ఆమె చెప్పేది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోటో పక్కన ఆ కాగితం కూడా పెట్టండి.

రెండవ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని, పళ్ళికొండ